పాతర జొన్నలు, స్టోరు బియ్యం

ఓబులేసు ఆకులో తెల్లటి అన్నం పడాల్సిన చోట సంగటి ముద్ద పడింది. నీళ్లతో తడుపుకున్న అరచేతిలో దాన్ని గుండ్రంగా తిప్పి, మధ్యలో బొటనవేలితో గుంట చేసి, ఆ గుంటలో పొట్టేలు కూర పులుసు పోసి మా జేజి స్వయంగా పెట్టింది. పంచలో రెండు వరసల్లో కూర్చున్న మగవాళ్లంతా తమ ఆకులు వదిలేసి ఆయన ఆకు వైపే చూస్తూ ఉండిపోయారు. రెండేళ్లుగా ఒకరి వీధిలోకి ఒకరు అడుగుపెట్టని రెండు పార్టీలవాళ్లు ఆ రోజు మా ఇంట్లో పక్కపక్కన కూర్చున్నారు. అందరూ తిని లేస్తే రాజీ కుదిరినట్టు. తినడమంటే వరి అన్నం తినడం. సంగటి ఇంట్లోవాళ్లు తినేది. రాజీకి వచ్చిన ఎదుటి పార్టీ పెద్దకు సంగటి వడ్డించడమంటే, నీకు ఇది చాల్లే అని పదిమంది ముందు మొహం మీద చెప్పడమే. ఆయన లేచి చేయి కడుక్కుంటే చాలు, మా చిన్నాయన మద్దిలేటి సాయంత్రం బస్సుకే మళ్లీ ఊరు వదిలి పోవాలి. ఈసారి ఎన్నేళ్లకు తిరిగి వస్తాడో ఎవరూ చెప్పలేరు.

నలభై ఏళ్లనాటి ఈ మధ్యాహ్నం నాకు మళ్లీ గుర్తుకు రావడానికి కారణం ఆ ఓబులేసే. మొన్న పులివెందులలో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, నా మందులతో పాటు డాక్టరు రాసిచ్చిన కొర్రలు కూడా కొనుక్కుందామని చిరుధాన్యాల అంగడికి వెళ్లాను. డాక్టర్లు చీటీ మీద కొర్రలు రాసే రోజులు వస్తాయని మా జేజికి చెప్పి ఉంటే, ఆ డాక్టరెవరో గొర్లు కాసే ఇంట్లో పుట్టుంటాడులే అనేది. అంగట్లో నాకంటే ముందే చేతికర్ర పట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. అంగడి నడిపే అమ్మాయి ఆయనకు ఓపిగ్గా చెబుతోంది.

"తాతా, వీటిని కొర్రలంటారు. బాగా నానబెట్టి వండుకోవాల. సుగర్‌కు శానా మంచివి."

"అట్లనా తల్లీ! ఇవి చెట్టుకు కాస్తాయా, తీగకు కాస్తాయా?"

"అది నాకు తెలీదు తాతా. మాకు ప్యాకెట్లలో వస్తాయి."

ఆ గొంతు గుర్తుపట్టి దగ్గరికి వెళ్లాను. ఓబులేసు నన్ను కిందికీ మీదికీ చూసి, ప్యాకెట్టు ఊపుతూ, "ఏమప్పా పేపరాయనా! నువ్వు గూడా ఈడికే వచ్చినావా? సుగరా?" అన్నాడు. "సుగరే మామా" అన్నాను. "మీ చిన్నాయనకూ సుగరేనంట గదా. ఇంగ పార్టీలు యాడుండాయప్పా, అందరం ఒకటే" అని నవ్వాడు.

ఒకప్పుడు మా ఊళ్లో ఎవరు ఏ పార్టీనో వాళ్ల పొయ్యి మీద కుండ మూత తీస్తే తెలిసేది. జమ్మలమడుగు దాటి పెన్న వైపు వెళితే వచ్చే నల్లరేగడి పల్లె మాది. మా వాళ్లు గొర్లు కాస్తూ, మెల్లగా సేద్యంలోకి దిగినవాళ్లు. నల్లనేలలో జొన్న, గరుసు నేలలో కొర్ర, సజ్జ. పండిన జొన్నలు ఇంటి ముందు పాతరలో పోసేవాళ్లు. పాతరంటే భూమిలో తవ్విన గొయ్యి. లోపల చుట్టూ జొన్నచొప్ప పరిచి, గింజలు నింపి, పైన మట్టితో మూసేసేవాళ్లు. దాన్ని తెరిచిన రోజు లోపలి వేడిగాలి పోయేదాకా ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. ఆ గింజలకు ఒక వాసన ఉండేది. తడిమట్టి, పాత చొప్ప, కొంచెం పులుపు కలిసినట్టుండే ఆ వాసన విసిరినా పోదు, వండినా పోదు. తెల్లవారక ముందే ఇసుర్రాయి తిరిగే చప్పుడుకు మేము మేలుకునేవాళ్లం. పొద్దున జొన్నరొట్టె, మధ్యాహ్నం కొర్రబువ్వలో మజ్జిగ, పొద్దుగూకాక సంగటి. వరి అన్నం ఉగాదికీ, చుట్టాలు వచ్చినప్పుడూ మాత్రమే. జ్వరం వచ్చిన పిల్లలకు కూడా వరి గంజి ఇచ్చేవాళ్లు కాబట్టి మాలో కొందరికి తరచూ జ్వరం వచ్చేది. జేజి నుదురు పట్టుకుని చూసి, "ఇది వరిబువ్వ జొరం. రెండు రొట్టెలు తింటే పోతాది" అనేది.

అలాంటి ఊరికి స్టోరు బియ్యం వచ్చింది. కార్డు చూపిస్తే చౌకగా బియ్యం. పండగనాడు మాత్రమే కనబడే తెల్ల అన్నం రోజూ తినొచ్చంటే ఊరు ఊరంతా గిన్నెలు కడుక్కుని సిద్ధమైంది. అయితే ఆ బియ్యం ఇచ్చే ప్రభుత్వం ఓబులేసు పార్టీది. స్టోరు నడిపేది ఓబులేసు మనిషి. స్టోరు ఉన్నది ఓబులేసు వీధిలో. అప్పటికే పంచాయతీ ఎన్నికల్లో మొదలైన గొడవలో అటు ఒకరు, ఇటు ఒకరు పోయారు. నిన్నటిదాకా బావా అంటే బావా అని పిలుచుకున్న ఓబులేసు, మా చిన్నాయన ఒకరినొకరు "వాడు" అనుకునే స్థితికి వచ్చారు. సంచి చంకలో పెట్టుకుని ఆ వీధిలోకి వెళ్లి నిలబడటం మా వాళ్లకు తలవంపులు, కొంతమందికి ప్రాణభయం కూడా. భయమని చెప్పుకోలేరు కదా. అందుకని చిన్నాయన దానికి పౌరుషమని పేరు పెట్టాడు. రచ్చబండ దగ్గర నిలబడి, "వాళ్ల పార్టీ బియ్యం మనోళ్ల పొయ్యి ఎక్కకూడదు. మనకు పాతర్లుండాయి, కొర్రలుండాయి" అన్నాడు. మా వీధి అంతా సరేనంది. అటువైపు దీనికి పోటీగా, ఎవరి ఇంట్లో అయినా సంగటి కట్టె ఆడిన చప్పుడు వినబడితే వాడు మద్దిలేటి మనిషని ఎగతాళి చేయడం మొదలుపెట్టారు. వాళ్లు పాతర్లు పూడ్చేశారు. అలా ఒక వీధి తెల్లగానూ, ఒక వీధి ముతకగానూ తినసాగింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఆ గొడవలో చిన్నాయన మీద కేసు పడింది. బెయిలు మీద వచ్చాక ఊళ్లో ఉంటే బతకనివ్వరని అందరూ చెప్పడంతో, చీకటితోనే లేచి గొర్ల దారిలో నడిచి ప్రొద్దుటూరు చేరాడు. నేనప్పుడు అక్కడ ఒక పత్రికలో కొత్తగా చేరి, బట్టల అంగళ్ల వెనక సందులో గది తీసుకుని ఉన్నాను. రెండేళ్లు ఆయన నా గదిలోనే గడిపాడు. రెండు వందల గొర్ల మందను కేకతో తిప్పే మనిషి ఆ గదిలో కిటికీ పక్కన, బయటికి కనబడకుండా కూర్చునేవాడు. మెట్ల మీద ఎవరి అడుగుల చప్పుడు వినిపించినా మాట ఆపేసేవాడు. తిండి దగ్గర మాత్రం ఏ భయమూ లేదు. మొదటి రోజు భోజనానికి తీసుకెళితే, హోటలు శెట్టిని పిలిచి, "ఈ బియ్యం ఎవురివి?" అని అడిగాడు.

"ఎవరివేంది సామీ, మావే."

"అది కాదప్పా. స్టోరువి కాదు గదా?"

శెట్టి నన్ను చూసి, ఆయనను చూసి, "ఇవి మార్కెట్టు బియ్యం సామీ. వీటికి పార్టీ ల్యా. దుడ్లిచ్చినోళ్లందరికీ ఉడుకుతాయి" అన్నాడు. చిన్నాయనకు నమ్మకం కుదరలేదు. ఆ రోజు పప్పు, మజ్జిగ తాగి లేచాడు. ఇక అప్పటి నుంచి సెలవు వచ్చినప్పుడల్లా నేను ఊరికి వెళ్లి ఆయనకు రొట్టెలు మోసుకురావడం మొదలైంది. చిన్నమ్మ జొన్నరొట్టెలు బాగా ఎండేలా కాల్చి, పాత పంచెలో చుట్టి, పక్కన ఊరుబిండి పచ్చడి పొట్లం పెట్టి ఇచ్చేది. జమ్మలమడుగులో బస్సు మారేసరికి చెనక్కాయలు, వెల్లుల్లి, ఎండుమిరపకాయ కలిసిన వాసన నా సీటు చుట్టూ నాలుగు వరసలకు పాకేది. నేను వార్తలు మోస్తున్నానో, రొట్టెలు మోస్తున్నానో తెలియడం లేదని మా ఆఫీసులో నవ్వేవాళ్లు.

నవ్వాల్సిన విషయం ఇంకొకటి ఉంది. ఎక్కడ ఏం జరిగినా ముందు పసిగట్టాలని తిరిగే నేను, మా వంటింట్లో జరుగుతున్నదాన్ని రెండేళ్లు పసిగట్టలేదు. చిన్నాయన చిన్న కూతురు నాగమణికి అప్పుడు ఐదారేళ్లు. ఒకసారి వెళ్లేసరికి దాని గడ్డం మీద తెల్లటి మెతుకు ఒకటి అంటుకుని ఉంది. "ఏం తిన్నావే?" అంటే వాళ్లమ్మ వైపు చూసి, "కొర్రబువ్వ" అంది. కొర్రబువ్వ పచ్చగా ఉంటుంది. పేపరు వాడిని, నమ్మేశాను.

రెండేళ్లు గడిచాక పెద్దమనుషులు మధ్యలో పడి రాజీ మాట్లాడారు. రెండు వైపులా మనుషులు అలిసిపోయారు, కోర్టుకు తిరిగి చెప్పులరిగాయి. మా వైపు పద్ధతి ఏమిటంటే, కాగితం మీద ఎన్ని రాసుకున్నా రాజీ అయినట్టు కాదు. ఎదుటివాడు మన ఇంట్లో తినాలి, తర్వాత మనం వాళ్ల ఇంట్లో తినాలి. మొదటి భోజనం మా ఇంట్లో అన్నారు. చిన్నాయన ఇల్లు చేరే దారి ఇక ఆ ఆకుల మీదుగానే ఉంది. ఆయన ప్రొద్దుటూరు మార్కెట్టులో సన్నబియ్యం మూట తనే కొన్నాడు. అక్కడ కూడా "స్టోరువి కాదు గదా" అని అడిగే కొన్నాడు.

జేజి వంట ఎవరికీ వదల్లేదు. కొడుకు ఇల్లు చేరే భోజనం తన చేత్తోనే కావాలంది. పెద్ద డేగిశాలో ఎసరు పెట్టింది. ఆమె చెయ్యి జీవితమంతా కొర్రకు అలవాటు పడిన చెయ్యి. కొర్రకు పోసినట్టే నీళ్లు పోసింది. పైగా అవి కొత్తబియ్యం, వాటికి ఇంకా తక్కువ నీళ్లు చాలు. పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్న చిన్నమ్మ ఆ ఎసరు చూసి నోరు తెరిచి, మళ్లీ మూసుకోవడం నేను గడప దగ్గర నుంచి చూశాను. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆకులు వేశాక మూత తీస్తే లోపల అన్నం లేదు. గరిటె నిలబడని జావ ఉంది. జేజి ఒక్క క్షణం దాన్ని చూసింది. తర్వాత ఏమీ జరగనట్టు పిండి తట్ట లాక్కుని, పాతర జొన్నపిండి దోసిళ్లతో అందులో పోసి, తెడ్డు తీసుకుని కెలకడం మొదలుపెట్టింది.

"అయ్యో అత్తా, వాళ్లకు సంగటా!" అంది చిన్నమ్మ.

"జావ పోస్తే బాగుంటాదా? పట్టు ఆ పక్క" అంది జేజి.

అలా ఓబులేసు ఆకులో సంగటి పడింది.

ఆయన లేవలేదు. ముద్ద తుంచి పులుసులో అద్ది నోటి దాకా తీసుకెళ్లి ఆగాడు. వాసన చూశాడు. మింగాడు. ఇంకోసారి తుంచి మింగాడు. అప్పుడు తలెత్తి, "పెద్దమ్మా, ఈ పిండి మీ పాతరదా?" అన్నాడు.

"మాది కాక ఊళ్లో ఇంగెవురికుండాది పాతర? మీరంతా పూడ్సుకుంటిరి గదా" అంది జేజి.

"మా అమ్మకు నోట్లో పండ్లు ల్యాకపాయె. వరిబువ్వ కడుపు నిండదని రోజూ సంగటే అడుగుతాది. నా పెండ్లాం రెండేండ్లుగా చేసి పెడతాంది. నేను గూడా ఆడనే కూచ్చొని ఒక ముద్ద మింగుతా ఉంటా. పిండి యాడిదే అంటే ప్రొద్దుటూరు మిల్లుదని చెప్పింది." ఓబులేసు ముద్దను మళ్లీ ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. "మిల్లు పిండికి పాతర వాసన యాడొస్తాదప్పా?"

వంటింటి గడపలో చిన్నమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు నాగమణి, పెద్దవాళ్లకు తెలియని సంగతి తనకు తెలిసిందన్న సంతోషంతో, "వాళ్లే గదా నాయనా మనకు బియ్యమిచ్చేది! దొడ్డిగోడ మింద నుంచి" అంది.

జరిగింది ఇంతే. వీధులు వేరైనా రెండిళ్ల దొడ్లకు మధ్య గోడ ఒకటే. చిన్నమ్మ, ఓబులేసు పెళ్లాం ఆ దొడ్డిగోడ ఎక్కి మాట్లాడుకున్నారు. ఆ ఇంట్లో ముసలామెకు జొన్నలు కావాలి. ఈ ఇంట్లో పిల్లలకు వరి అన్నం కావాలి. చాటెడు పిండి అటు వెళ్లేది, చాటెడు బియ్యం ఇటు వచ్చేది. జేజి గొర్ల వెంట వెళ్లిన పూట చిన్నమ్మ వండి పిల్లలకు పెట్టేది. కొత్తబియ్యానికి ఎసరు ఎంత పోయాలో ఆ రోజు మా ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. ఎలా తెలుసని అడుగుతారనే నోరు మూసుకుంది.

ముందు నవ్వింది మధ్యవర్తిగా వచ్చిన పెద్దమనిషి. "మీ ఇండ్లల్లో ఆడోళ్లు రెండేండ్ల కిందటే రాజీ అయిపోయినారు. మనం ఈ పొద్దు ఆకులేసుకుని కూచ్చున్నాం. పెట్టమ్మా ఇంగో ముద్ద" అన్నాడు. ఓబులేసు కడుపు పట్టుకుని నవ్వాడు. రెండు వరసలూ నవ్వాయి. ఓబులేసు మూడు ముద్దలు తిని లేచి, చిన్నాయనతో "బావా, పైవారం మా ఇంటికి రా" అన్నాడు. రెండేళ్ల తర్వాత మళ్లీ బావా అన్నాడు. చిన్నాయన ఒక్కడే నవ్వలేదు. తల కూడా ఊపలేదు.

అందరూ వెళ్లాక అరిచాడు. "నేనాడ హోటల్లో మెతుకు ముట్టకుండా, ఎండురొట్టెలు నములుతా రెండేండ్లు ఉంటే, ఈడ నా పిల్లోళ్లు వాని బియ్యం తింటాండ్రా! నా మాటకు యిలువేముండాది?"

చిన్నమ్మ అంతవరకు ఆయనకు ఎదురు చెప్పగా నేను వినలేదు. ఆ రోజు అరచేతులు రెండూ ఆయన ముందు చాపింది. "నీ పౌరుషం నువ్వు ప్రొద్దుటూర్లో కూచ్చొని చేసినావు. దంచింది నేను. కొర్రలు పొట్టు పోవాలంటే ఎన్ని పోట్లెయ్యాలో ఎప్పుడన్నా రోకలి పట్టినావా? సూడు ఈ కాయలు. బియ్యమైతే కడిగి పొయ్యి మింద పెడితే అయిపోతాది. నువ్వు కేసుల్లో, మీయమ్మ గొర్లల్లో, నేనొక్కదాన్ని ఎంతని దంచేది?" చిన్నాయన ఆ చేతుల వంక చూసి, బయటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. ఇల్లు వదలలేదు. కానీ పైవారం ఓబులేసు ఇంటికి వెళ్లలేదు. ఆ పైవారమూ వెళ్లలేదు.

తర్వాత ఏడాది తిరగకుండానే మా ఇంట్లో కూడా బియ్యం కార్డు చేరింది. ఇసుర్రాయి దొడ్లోకి, రోలు దూడకు కుడితి పెట్టడానికి పోయాయి. నల్లరేగడిలో జొన్న పోయి శనగ వచ్చింది. పులివెందుల వైపు కొర్ర వేసే చేలల్లో బత్తాయి తోటలు, మా మాటలో చీనీ తోటలు, లేచాయి. పాతర మీద ఇప్పుడు మోటారుసైకిలు నిలబెడుతున్నారు. మేము చిన్నప్పుడు మూతి ముడుచుకుని తిన్నవాటిని ఇప్పుడు మా ఆవిడ చిన్న గ్లాసుతో కొలిచి, మందులా వండుతోంది. బడిలో పిల్లలకు రాగిజావ పోస్తున్నారు. సగం మంది తాగుతారు, సగం మంది గోడ పక్క పోస్తారు. మా మనవరాలు రాగి బిస్కెట్లు మాత్రం అడిగి మరీ తింటుంది, వాటిలో రాగులకంటే చక్కెర ఎక్కువ కాబట్టి. ఒకసారి సంగటి పెడితే, "తాతా, ఇది బాగలేనోళ్లు తినేది గదా?" అంది. మాకు వరి అన్నం జ్వరం తిండి. దానికి సంగటి జబ్బు తిండి. ఆ రోజుల్లో అంతా ఆరోగ్యంగా ఉన్నామని నేను చెప్పను. చిన్నమ్మ అరచేతులు చూసినవాడిని. ఇప్పుడు మిషను పొట్టు తీసి ప్యాకెట్టులో పెట్టాక కొర్రలను మెచ్చుకోవడం నాలాంటి మగవాడికి చాలా సులువు.

పులివెందుల అంగట్లో ఓబులేసు ప్యాకెట్టు సంచిలో వేసుకుంటూ, "మీ చిన్నాయనతో చెప్పప్పా. నాకు ఎనభై వస్తాండాయి. ఒకపూట వచ్చి తిని పొమ్మను. కొర్రబువ్వే పెడతాలే" అన్నాడు. ఈ ముసలితనంలోనైనా ఆ పని పూర్తయితే బాగుంటుందని, మర్నాడే ఊరికి వెళ్లి చిన్నాయనకు చెప్పాను. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"కొర్రబువ్వా? అది మన తిండి. మన తిండి తినేదానికి వానింటికి పోవల్లా? ఇంటికి పిలిచినోడు వరిబువ్వ పెట్టాల. అదీ మర్యాద."

"నీకు డాక్టరు వరిబువ్వ వద్దన్నాడు గదా చిన్నాయనా."

"డాక్టరుకేం తెలుసు రాజీ అంటే."

లోపలి నుంచి చిన్నమ్మ, "ఆయప్ప పోడులే నాయనా. నేను పోయి తినేసి వస్తానని చెప్పు" అంది. ఆడవాళ్ల భోజనం లెక్కలోకి రాదని చిన్నాయన కొట్టిపారేశాడు.

ఓబులేసుకు ఫోను చేసి చెప్పాను. అటువైపు చాలాసేపు నవ్వు వినిపించింది. తర్వాత గొంతు మారింది. "వరిబువ్వ నేను పెట్టనప్పా. సుగరున్న మనిషికి వరిబువ్వ పెట్టి, రేపు ఆయప్పకేమన్నా అయితే, ఓబులేసు ఇంటికి పిలిచి చంపినాడంటారు. ఈ వయసులో నాకు మళ్లీ కోర్టు యాల?" అన్నాడు.

చిన్నాయన మాట చిన్నాయనదే, ఓబులేసు మాట ఓబులేసుదే. ఇది రాస్తున్న నాటికి రెండో భోజనం ఇంకా జరగలేదు.